పేరుతోనే ఆపు

బెల్లంపల్లిల మా క్వార్టరు చిన్నది. ముందటర్ర, ఎనకర్ర, వంటిల్లు. ఊడ్చిన ఇంట్ల చీపురు పుల్ల కనవడ్డా నేను ఊకోను. నా కోడలు రేవతికి ఈ సంగతి తెలుసు. తెలిసీ ముందటర్రల కంప్యూటరు మీద దుమ్ము ఉంచుతది. నాకదొక కోపం.

ఆ కంప్యూటరు నా కొడుకు అంజిది. వాడు జ్వరమొచ్చి పోయిండు. అప్పటికి రేవతి కడుపుతోని ఉన్నది. మగపిల్లగాడు పుట్టిండు. పోయినోని పేరు ఇంట్ల నిలవాలె అని పిల్లగానికి గూడ అంజి అనే పేరు పెట్టిచ్చిన. రేవతి వేరే పేరేదో అన్నది. నేను ఇనలే.

నేను బీపీ బిళ్ళ మర్చిపోత. అందుకే అంజి బతికున్నప్పుడు ఆ కంప్యూటర్ల ఒక ప్రోగ్రాం పెట్టిండు. పొద్దుమూకి బొగ్గు బాయి సైరన్ కూసేయాళ్లకు అందులకెంచి వాని గొంతు వస్తది. "అవ్వా, బిళ్ళ ఏస్కున్నవా?" గంతే. ఆ ప్రోగ్రాంకు వాని పేరే పెట్టుకున్నడట. వాడు పోయినంక గూడ ఆ గొంతు ఆగలే. "ఏస్కున్న బిడ్డా" అని రోజూ చెప్పేదాన్ని. చెప్పి, కొంగు నోట్ల కుక్కుకునేదాన్ని.

ఒకనాడు రేవతి అన్నది, "అత్తమ్మా, దాన్ని ఆపేస్త."

"నా కొడుకు గొంతు నీకు బరువయిందా?"

"అది కాదు. మీరు అంగడికి పోయిననాడు అది వేరే మాట అన్నది. నేను ఇన్న."

"మొగని గొంతుకే భయపడేదానివి, నువ్వేం కాపురం చేసినవే!" అన్న. ఆనాటి నుంచి రేవతితోని మాట్లాడుడు బందు పెట్టిన.

గా శుక్రారం ఒకటే వాన. కరెంటు పోయింది. బొగ్గుల పొయ్యి పొగ ఇల్లంత కమ్ముకున్నది. కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తుంది. దాని ఎలుగు ఎదురు గోడ మీద నీళ్ళ లెక్క ఆడుతుంది. పిల్లగాడు ఉయ్యాలల పండుకున్నడు. జలుబు చేసింది, ఊపిరి గుర్రు... గుర్రు... అని ఇనవడుతుంది. సైరన్ కూసింది.

"అవ్వా, బిళ్ళ ఏస్కున్నవా?"

"ఏస్కున్న బిడ్డా."

ఎప్పుడూ అక్కడ ఊకుంటడు. ఆనాడు ఊకోలే. గొంతు జర దగ్గరికొచ్చింది. మెల్లగ...

"అవ్వా... పిల్లగాన్ని ఇటియ్యి. ఒక్కసారి చూసి ఇస్త."

కన్నకొడుకు మొఖం చూడకుంటనే పోయిండు వాడు. అడుగుతుండు. నా కాళ్ళు వాటంతటవే లేచినయి. ఉయ్యాల కాడికి పోయి చేతులు సాపిన. రేవతి నా రెక్క పట్టి గుంజింది.

"చూసి ఇస్తనంటుండు అత్తమ్మా... ఎట్ల ఇస్తడు?" అన్నది చెవుల.

నేను చేతులు ఎనకకు తీసుకున్న. "బందు పెట్టు దాన్ని" అన్న.

"రోజూ బందు పెడ్తనే ఉన్న. పొద్దున పని కోసం తెరిస్తే మల్ల అదే మొదలయితది. నా కొలువంత దీని మీదనే. ముందు నడిచేదాన్ని ఆపాలె, ఆపినంక తీసెయ్యాలె." మీటలు కొట్టింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పారినయి. "ఒక్కోదానికి ఒక్కో నంబరుంటది. కిల్ అని, ఆ నంబరు కొడితె ఆగుతది."

"ఎంత దీని నంబరు?"

"నాలుగు వందల పదిహేడు."

నేను చెవులు మూసుకున్న.

అది బాయిల దిగేటప్పుడు నా మొగనికిచ్చే టోకెన్ బిళ్ళ నంబరు. బాయిల పైకప్పు కూలిననాడు ఆఫీసు మనిషి మా వాకిట్ల నిలవడి, "నాలుగు వందల పదిహేడు పోయిండు" అన్నడు. పేరు లేదా ఆయనకు? ఆ ఆఫీసు మనిషి సచ్చినా చూడవోలే నేను. ఆ నంబరు మల్ల నా నోట పలకలే. రేవతికి ఎన్నడూ చెప్పలే.

"నంబరు కొట్టకు. నా కొడుకు టోకెన్ బిళ్ళ కాదు. పేరుతోని ఆపు."

"పీకిల్ అని కొడితె పేరుతోని గూడ ఆపొచ్చు అత్తమ్మా. గని నంబరయితె గదొక్కటే ఆగుతది. పేరయితె, ఆ పేరున్నయన్ని ఆగుతయి."

"ఇంకెన్ని ఉన్నయి?"

"దీంట్లయితె ఒక్కటే..."

"మరెందుకు పరేషాన్? పేరు కొట్టు."

"అవ్వా... ఇటియ్యి..."

రేవతి ఏడ్సుకుంటనే కొట్టింది. పీకిల్. అంజి. ఎంటర్.

"అవ్వా... ఇటి..."

ఆగింది.

వాన సప్పుడు. పొగ వాసన. ఇంట్ల ఇంకేదో గూడ ఆగిందని తెలుస్తుంది. ఏందో తెలుస్తలేదు...

గుర్రు లేదు.

రేవతి ఉయ్యాల మీద పడ్డది. "అంజీ! అంజీ, బిడ్డా!" పిల్లగాని కండ్లు తెరిచే ఉన్నయి. ఛాతి ఆడుతలేదు. పెదవులు నల్లవడుతున్నయి. నేనూ పిలిచిన. పేరు పెట్టి పిలిచిన కొద్ది ఆ కండ్లు ఇంకా దూరం పోతున్నయి...

నా నోట్లకెంచి అది ఎట్లొచ్చిందో నాకు ఎరుక లేదు.

"నాలుగు వందల పదిహేడూ..."

పిల్లగాడు ఒక్కసారి ఊపిరి గుంజి కేర్‌మన్నడు.

కరీంనగర్ల పెద్ద డాక్టరుకు చూపెట్టినం. చెవులు మంచిగనే ఉన్నయి అన్నడు. అంజీ అంటె తిరుగడు. రేవతి వేరే పేర్లు గూడ పెట్టి పిలిచింది, తిరుగలే. ఆ నంబరు అంటె తిరుగుతడు. బోసినోటితోని నవ్వుతడు. ఆ నవ్వు చూడలేక రేవతి వంటింట్లకు పోతది. నేనయితె పిలువాలె గద. పిలుస్త.

కంప్యూటరు అమ్మేసినం. ఆ మూల ఉత్తగనే ఉన్నది, నేనే ఊడుస్త. అయినా సైరన్ కూస్తె పిల్లగాడు ఆ మూలకు మొఖం తిప్పి "ఊఁ" అంటడు. ఎవలో పేరు పెట్టి పిలిచినట్టు. నేను నంబరు అంట. మొదట్ల ఒక్కపారి అంటె ఇటు తిరిగేటోడు. నిన్న నా గొంతు పోయిందాక అన్న. ఆఖరికి తిరిగిండు. మొఖమే తిరిగింది... చెయ్యి ఆ మూలకే సాపి ఉన్నది. చిన్న పిడికిలి. ఎవలదో వేలు పట్టుకున్నట్టు ముడుచుకొని ఉన్నది.