పది దినాలు ఆగని రాజీనామా

"పది దినాలు... ఉత్త పది దినాలు ఆగకపోతివి. ఏడేండ్ల నౌకరి మట్టిల కలిపితివి."

ఆ ఉదయం విజయేందర్ ఈ మాట అనడం మూడోసారి. చాయ తాగుతూ అన్నాడు, పేపరు మడుస్తూ అన్నాడు, ఇప్పుడు చెప్పులేసుకుంటూ అన్నాడు. సౌభాగ్య బదులు చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా చెప్పలేదు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో నోరున్నది ఒక్కరికే.

సౌభాగ్య మొదట టీచరు. ఉట్నూరు అవతల, బస్సు దిగి నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే ఊళ్ళో ఏడేళ్ళు పాఠాలు చెప్పింది. తర్వాత పరీక్ష రాసి నాంపల్లిలో ఆఫీసు ఉద్యోగం తెచ్చుకుంది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. బడిలో చేసిన ఏడేళ్ళు ఇక్కడి సర్వీసులో కలిస్తే, ఆమె మొదటినుంచీ సర్కారు మనిషే అవుతుంది, పాత పెన్షన్ వస్తుంది. కలవకపోతే 2005లో కొత్తగా చేరినట్టే లెక్క, ఆ పెన్షన్ లేదు. కలవాలంటే పాత ఆఫీసు ఆర్డరు ఇచ్చి పంపించి ఉండాలి. ఆమె దరఖాస్తు పద్ధతి ప్రకారమే పెట్టింది. కాని ఆర్డరు చేతికి రావడానికి పది రోజుల ముందే రాజీనామా రాసిచ్చి బస్సెక్కింది. ఎందుకని ఆఫీసు అడుగుతోంది. రాజీనామా కాగితం కాపీ కోసం జిల్లాకు రాసింది.

"దీనికి మాట్లాడరాదు. నువ్వు ఎంబడి పో బిడ్డా" అన్నాడు విజయేందర్ కూతురితో. తనే పంపించాడు. ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

అక్షిత బషీర్‌బాగ్‌లో పనిచేస్తుంది. ఒక పూట సెలవు పెట్టింది. తనొక్కతే పోయి వస్తానని సౌభాగ్య రెండుసార్లు అంది, డ్యూటీ పాడుచేసుకోవద్దంది. అక్షిత వినలేదు. "నడువు వదినె, ఎండ ఎక్కుతది" అంటూ ముందు నడిచింది.

అవును, వదినె. కన్నతల్లిని ఆమె అలాగే పిలుస్తుంది. ఆరు నెలల పసిగుడ్డును పట్నంలో నానమ్మ కిష్టవ్వ చేతిలో పెట్టి సౌభాగ్య మళ్ళీ బడికి పోయింది. ఇంట్లో మేనత్త వదినె అంటుంటే పిల్లకూ ఆ మాటే వచ్చింది. పండగలకు, పబ్బాలకు వచ్చిపోయే మనిషిని చుట్టమనుకుంది. అమ్మ అంటే ఆ పిల్లకు కిష్టవ్వే. మొదట్లో అందరూ నవ్వారు. సౌభాగ్యా నవ్వింది... వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నది ఎవరు చూశారు! తర్వాత ఎవరూ దిద్దలేదు. మూడేళ్ళ కింద కిష్టవ్వ పోయినా పిలుపు మారలేదు.

అక్షిత మనసులో పాత ముల్లొకటి ఉంది. ఐదేళ్ళప్పుడు జ్వరం ముదిరి దవాఖానలో పడింది. చేతికి సెలైను, పక్కన నానమ్మ. వదినె ఎప్పుడొస్తుందని నాలుగు రోజులు అడిగింది. "ఫోన్ చేసిన, వస్తలేదు. ఆమెకు నౌకరే ముఖ్యం" అన్నాడు తండ్రి. ఐదో రోజు పొద్దున సౌభాగ్య వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే నాంపల్లి ఉద్యోగంలో చేరింది. పట్నం కుర్చీ కోసమే వచ్చిందని పిల్ల అనుకుంది. అలాగే పెరిగింది.

నాంపల్లి ఆఫీసులో సూపరింటెండెంటు విద్యావతి ఇద్దరినీ కూర్చోమంది. "మీ ఆడపడుచా?" అని సౌభాగ్యను అడిగింది, పిలుపు విని.

"నా బిడ్డ" అంది సౌభాగ్య, తల దించుకుని.

విద్యావతి ఫైలు తెరిచి మెల్లగానే చెప్పింది. రాజీనామాతో పాత సర్వీసు పోయినట్టేననీ, పది రోజులాగి ఆర్డరు తీసుకుని ఉంటే నిక్షేపంలా కలిసేదనీ, తన చేతిలో ఏమీ లేదనీ. జిల్లానుంచి వచ్చిన కాపీని బల్లమీద పెట్టింది. సౌభాగ్య గబుక్కున చెయ్యి చాపింది. అక్షిత చెయ్యి ముందు పడింది.

పాత సిరా, తల్లి దస్తూరీ. తేదీ జనవరి పదకొండు.

"నా బిడ్డ నాలుగు దినముల నుండి దవాఖానలో ఉన్నదని ఈ దినము ఉదయమే ఫోను వచ్చినది. ఆర్డరు వచ్చువరకు నేను ఆగలేను. నా ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నాను. మన్నించగలరు."

కింద హెడ్మాస్టరు వేరే సిరాతో రాశాడు. సర్వీసు పోతుందని చెప్పినా వినలేదని.

అక్షిత రెండోసారి చదివింది. 'ఈ దినము ఉదయమే' దగ్గర వేలు ఆగిపోయింది. విద్యావతి మంచినీళ్ళ గ్లాసు ఆమెవైపు జరిపి, కావాలంటే ఒక నకలు తీసుకుపొమ్మని, వేరే ఫైలు చూసుకుంది.

వరండాలో బెంచీమీద ఇద్దరూ కూర్చున్నారు.

"బాపు ఫోన్ నాలుగో నాడు చేసిండా?" అంది అక్షిత.

సౌభాగ్య ముఖం తిప్పుకుంది.

"చెప్పు."

"చెప్తే నేను ఉరికొస్తనని తెలుసు ఆయనకు. ఆర్డరొచ్చినంక చెప్దామనుకున్నడట. నీకు ఫిట్సు వచ్చినంక భయపడి చేసిండు."

"మరి ఇన్నేండ్లు నిన్ను అంటుంటే ఎందుకు పడ్డవు? నేను గూడ అన్న... నా నోటితోనే ఎన్ని అన్న..."

సౌభాగ్య కొంగుతో కూతురి చెంపలు తుడిచింది. ఆ చెంపలు తుడిచే పని ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

"నేను నీకు లేకపోతిని బిడ్డా. ఉన్నది ఆ బాపొక్కడే. ఆయన్ను గూడ నీకు లేకుంట చేస్తే, నీకెవరుంటరు?"

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి విజయేందర్ గడపలోనే ఉన్నాడు. "కలిసిందా?"

అక్షిత నకలు చేతికిచ్చింది. అతను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. కాగితం దించలేదు.

"జ్వరమే గదా, తగ్గుతదనుకున్న... ఇది ఆర్డరు లేకుంట వస్తే సర్వీసు ఖరాబైతదని..."

ఆనాడు చచ్చేంత జ్వరంలో పడి ఉన్న పిల్ల ఎదుటే నిలబడి, ఆ మనిషి ఇంకా సర్వీసు సంగతే చెబుతున్నాడు.

"నాలుగు దినాలు అడిగిన బాపు. ఫోన్ చేసిన అన్నవు" అంది అక్షిత. గొంతు పెంచలేదు.

అతను వంటింటి గుమ్మంవైపు చూశాడు. మాటకు చిక్కినప్పుడల్లా సౌభాగ్య వచ్చి "పోనీయ్" అనేది. ఇరవై ఏళ్ళు ఆ ఒక్క మాటే అతన్ని కాచింది. సౌభాగ్య గుమ్మంలోకి వచ్చింది. నిలబడింది. ఆ మాట మాత్రం అనలేదు.

అతనే కళ్ళద్దాలు తీసి అన్నాడు, "అన్నం పెట్టున్రి."

అక్షిత రెండే కంచాలు తెచ్చి కింద పెట్టింది. తల్లి భుజం పట్టి కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించింది.

"అమ్మ తిన్నంక తిందువు, బాపు."

సౌభాగ్య ముద్ద కలపబోయిన చెయ్యి కంచంలోనే ఆగింది. కళ్ళనుంచి నీళ్ళు అన్నంలోకి రాలుతుంటే అలాగే తిన్నది. కూతురు రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

విజయేందర్ ఆఖరున తిన్నాడు. అన్నం చల్లారిపోయింది. ఎవరూ లేచి వేడి చేయలేదు.