పరుపు వీపు మీద చిక్కు

"తియ్యను," అంది ఆమె.

"అది మీ పనే కదండీ?" అన్నాడు మాష్టారు.

"దువ్వడం నా పని. గుండు కొట్టడం కాదు."

కుక్కల బొచ్చు దువ్వే ఆ కొట్టు ఇప్పుడు లేదు. అక్కడ కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. ఆ రోజుల్లో మాత్రం వీధి మలుపు తిరగగానే డ్రయ్యరు హోరు, తడి బొచ్చు వాసన ఎదురొచ్చేవి. లోపల ఒక ఎత్తు బల్ల, గోడ మేకులకి రకరకాల దువ్వెనలు, వాటి మధ్య ముక్కు మీద ఎప్పుడూ ఏదో ఒక కుక్క వెంట్రుక అంటించుకుని ఆ అమ్మాయి. కుక్కల్ని తెచ్చేవాళ్ళంతా ఆమెని దువ్వెనమ్మ అనేవారు.

బల్ల మీద ఉన్నది మాష్టారి నాన్న పెంచిన కుక్క. మంచు కొండల్లో గొర్రెల మందలకి కాపలా కాసే జాతి. తెల్లగా, దూడంత ఉంటుంది. అది ఎక్కడ పడుకుంటే అక్కడ ఇక నడిచే దారి ఉండదని నాన్న దానికి పరుపు అని పేరు పెట్టాడు. చలికాలంలో నాన్న పోయాడు. ఆయన దువ్వెన వరండాలోనే ఉండిపోయింది. దాన్ని అందుకోవడానికి అమ్మకీ చెయ్యి రాలేదు, మాష్టారికీ రాలేదు. ఎండలు వచ్చేసరికి పరుపు ఒళ్ళంతా ఉండలు కట్టింది.

"పాపం, దానికి ఉక్కపోస్తోందండీ."

"దీనికి రెండు పొరలు. పైన పొడుగు బొచ్చు, లోపల మెత్తటి ఉన్ని. పై పొర ఎండని చర్మం దాకా రానివ్వదు. అది గొరిగేస్తే ఒళ్ళు కాలిపోతుంది. మళ్ళీ సరిగ్గా పెరుగుతుందని నమ్మకమూ లేదు. ఉక్కపోసేది రాలిపోయి లోపలే ఇరుక్కున్న ఉన్ని వల్ల. అది తీస్తే చాలు." పరుపు చెవి వెనక వేళ్ళు పెట్టిన ఆమె ఆగిపోయింది. "నీళ్ళు పోశారా?"

"నిన్న. శుభ్రంగా తీసుకొద్దామని."

"చిక్కు తియ్యకుండానే?"

"...అవును."

"ఉన్ని స్వెటర్ని వేడినీళ్ళలో వేసి పిసికితే ఏమవుతుంది?"

"బిగుసుకుపోతుంది."

"మరి? మీరేం పని చేస్తుంటారు?"

"బడిలో పాఠాలు చెబుతానండీ."

"పాపం పిల్లలు!"

పరుపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఆవులించింది.

ఒక్క రోజులో అయ్యే పని కాదంది ఆమె. లాగితే దానికి నొప్పి. పైగా అది ఉన్ని రాలే కాలం. రాలడం ఆగేదాకా రోజూ బడి వదిలాక తీసుకురమ్మంది. "సగం నేను దువ్వుతాను, సగం మీరు."

"నాకు రాదండీ."

"అది తెలుస్తూనే ఉంది."

అలా మొదలైంది. వెనక కాలి దగ్గర బొచ్చు ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకోవాలి. కింద ఒక సన్నటి పాయ వదలాలి. చర్మం గీతలా కనబడాలి. ఆ పాయ దువ్వాక ఇంకో పాయ. పైపైన దువ్వితే కుక్క అందంగా కనబడుతుంది, లోపల చిక్కు అలాగే ఉంటుంది. మాష్టారు మొదట్లో పైపైనే దువ్వేవాడు.

"మాష్టారూ, ఫొటోకి తయారుచేస్తున్నారా?"

"లేదండీ."

"అయితే లోపలికి వెళ్ళండి. అది కొరకదు. నేనూ కొరకను."

ఒకసారి కొట్టు మూసే వేళకి జోరున వాన పట్టుకుంది. ముగ్గురూ చూరు కింద నిలబడ్డారు. మాష్టారి నల్ల చొక్కా నిండా తెల్ల ఉన్ని.

"మా హెడ్మాస్టరు గారు అడిగారు, ఇంట్లో పరుపు చిరిగిందా అని," అన్నాడు అతను.

"మీరేమన్నారు?"

"లేదు సార్, పరుపు రాలుతోంది అన్నాను."

ఆమె నవ్వుతూ వెనక్కి జరిగింది. చూరు నీళ్ళు ఆమె భుజం మీద పడ్డాయి. తన గొడుగు బడిలో మరిచిపోయినందుకు మాష్టారు లోలోపల సంతోషించాడు.

ఇంకో రోజు ఆమె పని చేస్తున్నదల్లా దువ్వెన ఆపి, "ఇలా చూడండి," అంది. ఒక పక్క పూర్తికాగానే ఎవరూ చెప్పకుండా పరుపు రెండో పక్కకి తిరిగి పడుకుంది. ఆ పక్కా అయ్యాక గడ్డం పైకి ఎత్తింది. "దీనికి ఎవరో వరస నేర్పారు. మంచి ఓపికస్తులు."

"మా నాన్న."

"చివర్న మాత్రం ఇలా ముందు కాలు చాపుతుంది. గోళ్ళు తియ్యమంటోందా అంటే, తియ్యబోతే లాక్కుంటుంది. అదెందుకో నాకు అర్థం కాలేదు."

ఆ సాయంత్రం మాష్టారు అమ్మని అడిగాడు.

"దువ్వడం అయ్యాక మీ నాన్న ఆ కాలు పట్టుకుని కూర్చునేవారురా," అంది అమ్మ. "ఊరికేనే. ఇక లోపలికి రండి అని నేను పిలిచేదాకా." ఆ మాట చెప్పి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మర్నాడు అతను ఆ సంగతి చెబితే ఆమె ఎగతాళి చెయ్యలేదు. డ్రయ్యరు ఆపేసింది. పరుపు చాపిన కాలిని అతని చేతిలో పెట్టి, తను దువ్వెనలు కడుక్కోవడానికి పక్కకి వెళ్ళింది. మాష్టారు ఆ కాలు పట్టుకుని కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె చాలాసేపు వెనక్కి తిరిగి చూడలేదు. అందుకు అతను ఆమెకి ఋణపడిపోయాడు.

చివరికి ఒక సాయంత్రం దువ్వెనకి ఏమీ రాలేదు. పరుపు కొత్త మబ్బులా ఉంది.

"బాగుంది," అంది ఆమె, దువ్వెన వైపే చూస్తూ. "ఇక రోజూ రానక్కర్లేదు. ఇంట్లో మీరు దువ్వుకోగలరు. రెండు నెలలకోసారి తెస్తే చాలు."

మాష్టారు ఏ మాటైనా లోపల ఒకసారి అనుకుని చూసుకున్నాకే పైకి అనే మనిషి. ఆమెతో అనాల్సిన మాట సరిచూసుకుంటూ ఉండగానే వీధి మలుపు వచ్చేసింది.

ఆ వారమంతా వరండాలో నాన్న దువ్వెనతో పరుపుని పొద్దునా సాయంత్రమూ దువ్వాడు.

"కుక్క అరిగిపోతుందిరా," అంది అమ్మ. "ఆ అమ్మాయికి చెప్పావా?"

"ఏం చెప్పాలమ్మా?"

"నన్నడుగుతావేం? మీ నాన్నా ఇంతే. గోడ గడియారం బాగుచేస్తానని మా ఇంటికి మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. ఆ గడియారం చెడిపోతేగా! ఆయన మాట నమ్మి మా నాన్న కొత్తది కొనబోయారు కూడా."

నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. మాష్టారు అమ్మని చూశాడు. తర్వాత పరుపుని చూశాడు.

సోమవారం బడి వదిలాక అతను కొట్టులో అడుగుపెట్టేసరికి ఆమె లేచి నిలబడింది. "అప్పుడే రెండు నెలలైందా?"

"చిక్కు పడిందండీ."

"ఎక్కడ?"

"వీపు మీద."

ఆమె వంగి చూసింది. వేళ్ళతో అటూ ఇటూ తడిమింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"మాష్టారూ, చిక్కు చెవుల వెనక పడుతుంది. తొడల దగ్గర పడుతుంది. మెడపట్టీ కింద పడుతుంది. నడి వీపు మీద పడాలంటే ఎవరో పనిగట్టుకుని కూర్చోవాలి."

మాష్టారు పరుపు వైపు చూశాడు. అది గోడ వైపు చూసింది.

"లోపలి ఉన్ని ముట్టుకోలేదు," అంది ఆమె. "నొప్పి పుట్టకుండా పైబొచ్చు ఒక్కటే. శ్రద్ధగానే చేశారు. ఎంతసేపు పట్టింది?"

"ఆదివారం మధ్యాహ్నమంతా."

"అమ్మగారికి తెలుసా?"

"బొచ్చు తడపమని తడి తువ్వాలు అందించింది ఆవిడే."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అతనికి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అందుకని సరిచూసుకోకుండానే అనేశాడు.

"రెండు నెలలు మిమ్మల్ని చూడకుండా ఉండలేనండీ. మీరు ఒప్పుకుంటే అసలు ఏ రోజూ చూడకుండా ఉండక్కర్లేని దారి చూద్దాం."

ఆమె ముక్కు మీది వెంట్రుక తుడుచుకుంది.

"మళ్ళీ చెప్పండి," అంది నెమ్మదిగా. "ఈసారి కుక్కని చూస్తూ కాదు."

అతను తల ఎత్తి మళ్ళీ చెప్పాడు.

ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు. "రేపు అమ్మగారిని కూడా తీసుకురండి. తువ్వాలు సంగతి తేల్చుకోవాలి," అని, స్టూలు అతని వైపు జరిపి, దువ్వెన అందుకుంది.

అరచేతిలో పట్టే చిక్కు అది. ఆమె చేతికి ఎంతోసేపు పట్టే పని కాదు. ఆ సాయంత్రం మాత్రం వీధిలో కొట్లన్నీ కట్టేసినా అది తెమల్లేదు.