ఎదురంచు

కొత్తకోట హైవే దాబా. ఉదయం తొమ్మిదీ ముప్పై అయిదు. విత్తనాల కంపెనీ ఏజెంటు వేషంలో ఉన్న అమూల్య చాయ్ గ్లాసు ఎత్తింది.

"అల్లం ఎక్కువైంది."

"యాలకులు తక్కువయ్యాయి," అంది ఎదుటి కుర్చీలోని నల్లకళ్ళద్దాల సుందరి.

కోడ్ సరిపోయింది. ఆమె మానస. రెండేళ్ళుగా ఒక విదేశీ ముఠా ల్యాబ్‌లో పనిచేస్తూ మనకు రహస్యాలు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్.

మానస సంచిలోంచి గద్వాల చీర తీసింది. దానికి ఒకే అంచు ఉంది.

"ల్యాబ్ తలుపు తాళం కోడ్ ఇరవై నాలుగు అక్షరాలు. గుర్తుండవని చీర అంచులో నేయించాను. నిన్న ఆ అంచు ఊడదీసుకుపోయారు. కానీ ఎదురంచు ఉంది. దీన్ని బట్టి..."

లారీ హారన్ మోగింది. ఆ మోతలో తుపాకీ చప్పుడు కలిసిపోయింది. మానస టేబుల్ మీదికి ఒరిగింది. హెల్మెట్ పెట్టుకున్న హంతకుడు బైకెక్కాడు.

"ప్రైమర్..." అంది మానస, రక్తం మింగుతూ. "రాజోలి... లక్ష్మీదేవమ్మ..."

అంతే.

జీపు దక్షిణానికి దూసుకుపోతోంది. చెవిలో చీఫ్ ఆశీర్వాదం గొంతు.

"మన ఏజెంట్ తౌఫీక్ వడ్డేపల్లి బయట ఒక పాత కోల్డ్ స్టోరేజ్‌లో ఇరుక్కున్నాడు. ఆ గదిలోనే ముఠా ఒక ప్రాణాంతక బ్యాక్టీరియాను పెంచుతోంది. ఇరవై నిమిషాలకోసారి తన డీఎన్ఏ కాపీ చేసుకుని ఒకటి రెండవుతుంది. పన్నెండింటికి ఫ్యాన్లు తిరిగి దాన్ని బయటికి ఊదుతాయి. ఊరంతా పోతుంది. తలుపు పగలగొడితే అప్పుడే తిరుగుతాయి."

"మరి కోడ్ ఎలా కనుక్కోవాలి సార్?"

"మానస ప్రైమర్ అందంటే, డీఎన్ఏ కాపీ అయ్యే పద్ధతిలోనే. రెండు పోగులుంటాయి. హెలికేజ్ వాటిని జిప్పులా విప్పుతుంది. ప్రైమర్ అనే చిన్న ముక్క ఎక్కడ మొదలుపెట్టాలో చూపిస్తుంది. పాలిమరేజ్ పాత పోగును చూస్తూ కొత్త అక్షరాలు పేరుస్తుంది. ఎ కి ఎదురుగా టి, జి కి ఎదురుగా సి. చివరికి లైగేజ్ ముక్కలను అతుకుతుంది."

అమూల్య పక్క సీట్లోని అంచు వైపు చూసింది. జింక, ఏనుగు, ఏనుగు, టెంపుల్, సింహం... నాలుగే బొమ్మలు, మళ్ళీ మళ్ళీ. జింక జి. ఏనుగు ఎ. టెంపుల్ టి. సింహం సి.

ఏనుగు ఎదురుగా టెంపుల్. జింక ఎదురుగా సింహం.

రాజోలిలో లక్ష్మీదేవమ్మ మగ్గం దిగి జీపెక్కింది. అరవై ఏళ్ళుంటాయి. అంచు ఊడిన చోట వేలు పెట్టి చూసింది.

"కుట్టు ఇప్పిండ్రు! ఎవడు బిడ్డా ఆ పాడుచేతులోడు? నూలు బట్టకు పట్టు అంచు అతకనీకె ఎంత గోస పడ్డమో వానికేం తెలుసు?"

"అమ్మా, ఒక్క నిమిషం. లెక్క చేసుకుంటున్న."

"గట్ల కాదు బిడ్డా, గా అంచు..."

"అమ్మా, జర ఆగు!"

లక్ష్మీదేవమ్మ మూతి బిగించింది. మొహం కిటికీ వైపు తిప్పేసింది.

పదకొండూ యాభై రెండు. ఇనుప తలుపు మీద నాలుగే మీటలు: ఎ, టి, జి, సి. కింద ఒక హెచ్చరిక: రెండు ప్రయత్నాలు మాత్రమే. వైర్‌లెస్‌లో తౌఫీక్ పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అక్కా, ఫ్యాన్ల దగ్గర ఎర్ర లైటొచ్చింది. మా ఇంటామె ఇరమ్‌కు ఫోన్ చేస్తే... క్యాంపుల ఉన్న అనే చెప్పు."

"నువ్వే చెప్పుకో, తమ్మీ. నేను అబద్ధాలు చెప్ప."

అమూల్య మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టింది. జింకకు సి. ఏనుగుకు టి. మళ్ళీ ఏనుగుకు టి. ఇరవై నాలుగూ నొక్కింది.

ఎర్ర లైటు. తప్పు.

ఆమె అంచును మళ్ళీ మొదటి నుంచి సరిచూసింది. జతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి తప్పెక్కడ? ప్రైమర్. ఎక్కడ మొదలుపెట్టాలో చూపించేది! ప్రైమర్ లక్ష్మీదేవమ్మ దగ్గర లేదు. లక్ష్మీదేవమ్మే ప్రైమర్.

"అమ్మా, తప్పయింది. ఇందాక ఏం చెప్పబోయినవ్?"

"ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అంది ముసలమ్మ. అయినా ఆగలేదు. "ఆ మేడం పిచ్చి ఆర్డరిచ్చింది బిడ్డా. ఈ అంచుల బొమ్మలు మీదికి నడవాలెనంట, ఊడిపోయిన ఎదురంచుల బొమ్మలు కిందికి నడవాలెనంట. మగ్గానికి ఈ తట్టు నేను, ఆ తట్టు నా చెల్లె. నాది సాఫుగ సాగింది. దానిది ఒక్కతాప సాగలే, ముక్కలు ముక్కలు నేసి కలిపినం. ఎదురంచు సదవాల్నంటే ఈ కొసకెల్లి కాదు, ఆ కొసకెల్లి."

చీఫ్ చెవిలో అరిచాడు. "పోగులు రెండూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి! నేను చెప్పలేదా?"

"చెప్పలేదు సార్!"

పదకొండూ యాభై ఎనిమిది. లక్ష్మీదేవమ్మ అంచును చివరి కొస నుంచి పట్టుకుంది.

"సింహం."

జి.

"మల్లొక సింహం."

జి.

"టెంపుల్."

ఎ.

"ఏనుగు."

టి.

లోపల ఫ్యాన్లు గుర్రుమన్నాయి. వైర్‌లెస్‌లో తౌఫీక్ ఏదో ప్రార్థన గొణుగుతున్నాడు. అమూల్య వేలి చెమటకు మీట జారింది. తుడుచుకుంది.

"ఏనుగు. ఆఖరుది జింక."

టి. సి.

ఫ్యాన్లు కదలబోయి ఆగాయి. తలుపు మీది గడియారం పన్నెండుకు ఒక్క సెకను ముందు నిలిచిపోయింది. తలుపు తెరుచుకుంది. నీలిరంగు పెదాలతో తౌఫీక్ గడప మీద పడ్డాడు.

"అక్కా... చాయ్."

సాయంత్రానికి హంతకుడు దొరికాడు. ఊడదీసిన అంచు ఎవరికీ కనబడకూడదని మెడకు మఫ్లర్‌లా చుట్టుకున్నాడట. "మే నెలల మఫ్లర్ ఏందిరా?" అని శాంతినగర్ చౌరస్తాలో కానిస్టేబుల్ ఆపాడు.

రెండు అంచులూ లక్ష్మీదేవమ్మ ఒళ్ళోకి చేరాయి. చాలాసేపు వాటిని నిమిరింది.

"ఒక్కో పాత అంచుకు కొత్త ఎదురంచు నేస్త. రెండు చీరలైతయ్. ఒకటి ఆ మేడం వాళ్ళమ్మకు పంపుండ్రి."

స్పీకర్‌లో ఆశీర్వాదం గొంతు బరువుగా వినబడింది. "ఆ రెండింట్లో అసలుదేదో, నకలుదేదో ఎలా తెలుస్తుందమ్మా?"

"తెల్వకుండ నేసుడే కద సార్, మా పని."

"అయితే మీరు మా డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సినవారు," అన్నాడు చీఫ్.