ఏడుంబావుకు ఐదో స్వరం

మా వీధి చివర, ఎలక్ట్రీషియన్ ఇంటికి ఆనుకుని, తాళం వేసిన ఇల్లు ఒకటుంది. దానికి పేరు చెడి ఆరేళ్ళయింది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే పరిగెత్తుతారు. పరిగెత్తలేనివాళ్ళు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ దాటేస్తారు. ఫోన్లో ఉన్నవాళ్ళ జోలికి దెయ్యం రాదని వాళ్ళ ధీమా.

ఆ ఇంట్లోంచి రోజూ సాయంత్రం ఏడుంబావుకు సంగీతం వినిపిస్తుంది. ఈ వీధికి బస్సు వేళకు రాదు, నీళ్ళు వేళకు రావు, వేళకు వచ్చేది ఆ దెయ్యం ఒక్కటే. ఎదురింటి టైలరమ్మ అది పిల్లనగ్రోవి అంటుంది. మందుల షాపాయన పియానో అంటాడు. ఆయన పియానోను ఎప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి. ఇద్దరూ కలిసి ఆ దెయ్యానికి రెండు వాయిద్యాలు వచ్చని తేల్చేశారు.

మావాడికి మాత్రం ఒక్కటీ రాలేదు.

మావాడంటే ఎలక్ట్రీషియన్ కొడుకు. పందొమ్మిదేళ్ళు. వీధంతా వాణ్ణి సగంపాట అని పిలుస్తుంది, ఎందుకంటే వాడు మొదలుపెట్టిన పాట పూర్తిచేయగా విన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. నేను వాయిద్యాలు బాగుచేసేవాణ్ణి, పాతవి కొని అమ్ముతాను కూడా. చుట్టరికం ఏమీ లేకపోయినా వాళ్ళ నాన్నా నేనూ బావా అని పిలుచుకుంటాం, వాళ్ళమ్మను అక్కయ్యా అంటాను, వీడు నన్ను మావయ్యా అంటాడు. వీడి వల్ల నా దుకాణం బాగానే నడిచింది.

మొదట కీబోర్డు. ఆరు నెలలకు తిరిగి తెచ్చాడు. "మావయ్యా, నాక్కావలసిన స్వరం ఇందులో లేదు" అన్నాడు. "ఏ మెట్టు పనిచేయట్లేదురా?" అంటే, "రెండు మెట్లకి మధ్యలో ఉంది" అన్నాడు. సరే, గిటార్ తీసుకెళ్ళాడు. దాంట్లోనూ లేదన్నాడు. ఫ్లూటులో ఉందిగానీ వీడి ఊపిరికి అందలేదు. చివరికి వయొలిన్ దగ్గర ఆగాడు. వయొలిన్‌లో ఎవరు ఎక్కడ వేలు పెట్టినా ఏదో రెండు మెట్ల మధ్యే పలుకుతుంది, కనక వీడికి సరిగ్గా సరిపోయింది.

వాడు రెండేళ్ళుగా కడుతున్నది ఒకటే పాట. నాలుగు స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతాయి, ఐదోది నిలబడబోయి జారిపోతుంది. ఆ జారుడే వాడి ప్రాణం. దాన్ని నాకు కూడా మొత్తం వినిపించలేదు. పూర్తయ్యాక వినిపిస్తానన్నాడు. నాకూ తొందరేం లేదు.

కానీ వాళ్ళ నాన్నకు తొందరొచ్చింది. "ఆదివారం లైబ్రరీ హాల్లో కొత్తవాళ్ళ కార్యక్రమం ఉందటగా. నీ సొంత పాట ఒక్కటి, మొదలు నుంచి చివరిదాకా వాయించు. వాయిస్తే నీ జోలికి రాను. మధ్యలో ఆగావా... సోమవారం ఆ సామానంతా అమ్మేస్తా, నాతో వైర్లు లాగడానికి వస్తావు."

వీడు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, వెనకగదిలో తలుపేసుకున్నాడు. ఆ గదికి ఒక గోడ... ఆ తాళం వేసిన ఇంటిదే.

శుక్రవారం సాయంత్రం కరెంటు పోయింది.

టీవీలు ఆగాయి. ఫ్యాన్లు ఆగాయి. వీడూ వాయించడం ఆపి కిటికీ దగ్గర నిలబడ్డాడు. వీధంతా నిశ్శబ్దం. అప్పుడు... గోడ అవతల నుంచి... సన్నగా...

ఒక స్వరం. రెండు. మూడు. నాలుగు.

 ఐదోది రాకూడదని వాడు గోడకు చెయ్యి ఆనించి దండం పెట్టుకున్నంత పని చేశాడట.

ఐదోది వచ్చింది. నిలబడబోయి — జారిపోయింది.

వాడు పెరటి తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చి నా దుకాణంలో పడ్డాడు. చేతిలో వయొలిన్ ఉంది, కమాను లేదు. 

"మావయ్యా... అది నా పాట పాడుతోంది."

"ఏది?"

"గోడ."

"పోనీలేరా. నీ పాట పూర్తిగా విన్నది గోడ ఒక్కటే కదా, నేర్చుకుని ఉంటుంది."

వాడు నవ్వలేదు. ఏడుపు ఆపుకుంటున్నాడు. దెయ్యం మీద కోపంతోనట. పాట దొంగిలించిందని. నాకు తెలిసి దెయ్యం మీద దొంగతనం నేరం మోపిన మొదటివాడు వీడే.

మర్నాడు ఏడింటికి ఇద్దరం పెరటి గోడ దూకాం. వాడు దూకాడు, నన్ను లాగాడు అనాలి. వెనక తలుపు గొళ్ళెం తుప్పుపట్టి ఒక్క గుంజుకే ఊడొచ్చింది. లోపల బూజు, మూసిన గదుల వాసన. టార్చి వెలుగులో ఒక కుర్చీ, గోడకు ఆగిపోయిన గడియారం, ఎవరో నిన్ననే విడిచినట్టు ఒక జత చెప్పులు... నేను ధైర్యవంతుణ్ణే, కాకపోతే ఆ చెప్పులు చూశాక వాడి భుజం పట్టుకున్నాను.

"టైమెంత?" అన్నాడు గుసగుసగా.

"ఏడూ పద్నాలుగు..."

ఎక్కడో బయట మోటారు సైకిలు ఆగింది. తర్వాత ఏమీ లేదు. మా ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

సరిగ్గా మా నెత్తిమీద మొదలైంది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

నేను కళ్ళు మూసుకున్నాను. వాడు టార్చి పైకెత్తాడు. ఐదో స్వరం జారింది. ఆ వెంటనే గోడ అవతల దబదబా తలుపు బాదుతున్న చప్పుడు, ఆ వెనకే మా బావ గొంతు — "ఇంట్లో ఎవరైనా బతికున్నారా? తలుపు తియ్యండి!"

నేను కళ్ళు తెరిచేసరికి వాడు గోడకేసి చూస్తున్నాడు. గోడమీద అరచేతంత ప్లాస్టిక్ డబ్బా. పాతకాలం కాలింగ్ బెల్లు.

"పెదనాన్న బెల్లు..." అన్నాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఆ రెండిళ్ళూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా బావా, వాళ్ళన్నయ్యా పంచుకుని మధ్యలో గోడ కట్టారు. గుమ్మం పక్కనున్న బెల్లు మీట తమ్ముడి వాటాకొచ్చింది, బెల్లు అన్న వాటాకు పోయింది. అంత తెలివిగా జరిగింది పంపకం. వీడి చిన్నప్పుడు తమ్ముడింటికి ఎవరొచ్చి మీట నొక్కినా అన్నగారి హాల్లో మోగేది, ఆయన గోడ మీంచి "నీకే వచ్చార్రా!" అని కేకేసేవాడు. ఆ గోడ ఒక అడుగు ఇటా అటా అన్న గొడవలోనే ఆయన ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ జాడ లేదు. వైరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లో బెల్లు చకచకా, చక్కగా పలికేది. బ్యాటరీలు నీరసించే కొద్దీ నెమ్మదించింది, చివరి స్వరం జారడం మొదలైంది. ఆ జారుడును వీడు ఆరేళ్ళు రోజూ గోడలోంచి వింటూ, వింటున్నట్టు తెలియకుండా, దాన్ని వెతుక్కుంటూ నాలుగు వాయిద్యాలు మార్చాడు.

వాడు ఆ దుమ్ములోనే కూలబడ్డాడు. "రెండేళ్ళు మావయ్యా. నాలుగు వాయిద్యాలు. కట్టింది కాలింగ్ బెల్లు. రేపు నేను వాయించను."

నాకు నవ్వొచ్చింది, వాడి మొహం చూశాక పోయింది. "ఒరేయ్, బెల్లు వాయించింది ఐదే స్వరాలు. ఆ తర్వాత రెండేళ్ళు మమ్మల్ని హింసించింది నువ్వే. అదంతా నీ సొంతమే, ఎవరూ కాదనరు."

వాడు లేచి బెల్లు మీది బూజు తుడిచాడు. "ఇది ఇంకోసారి మోగితే నేను వాయించలేను. రేపటిదాకా దీన్ని ఆపెయ్యి" అన్నాడు. రెండు లావు బ్యాటరీలూ తీసి జేబులో వేసుకున్నాను. తెల్లగా పొడి కారుతున్నాయి. అవి ఆరేళ్ళు ఎలా లాగాయో నాకు అంతుపట్టలేదు.

ఆదివారం పొద్దున మా బావ దగ్గరకు వెళ్ళాను. వీధిలో అందరి ఇళ్ళలో బెల్లులు బాగుచేసేవాడు, తన ఇంటి బెల్లు ఎప్పుడూ పనిచేయదు. దాని మీద మేం వేయని జోకు లేదు. ఇంకొకటి వేద్దామనే వెళ్ళాను.

"బావా, నువ్వు మీట నొక్కితే పక్కింట్లో మోగుతోంది, తెలుసా?"

స్విచ్‌బోర్డు బిగిస్తున్న చెయ్యి ఆగింది. "తెలుసు."

"మరి మార్చుకోవచ్చుగా? పది నిమిషాల పని."

"ఐదు నిమిషాలు" అన్నాడు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "వెళ్ళిపోయిన రోజు... ఇదే ఏడుంబావుకి... నాతో పనిపడితే బెల్లు కొట్టు, పలుకుతాను అన్నాడు అన్నయ్య. కోపంలోనే అన్నాడనుకో."

"...పలికాడా?"

"తాళం కనబడట్లేదా బావా నీకు?"

నా జోకు నా దగ్గరే ఉండిపోయింది. జేబులో బ్యాటరీలు బరువెక్కాయి. రేపు పొద్దున్నే కొత్తవి కొని పెట్టేద్దామనుకున్నాను. వాటిని తీసేశానని చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

సాయంత్రం లైబ్రరీ హాల్లో ముప్పై కుర్చీలు, పదకొండు మంది. మా అక్కయ్య రాలేదు. కొడుకు మధ్యలో ఆగిపోతే చూడలేనని ఇంట్లోనే ఉండిపోయింది. మా బావ చివరి వరసలో, నా పక్కన. వీడి వంతు ఏడూ పది దాటాక వచ్చింది. బావ గడియారం చూసుకున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఏడుంబావుకు అతను తన గుమ్మంలో ఉండడం లేదు. లేచి వెళ్తాడనుకున్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

వాడు కమాను ఎత్తాడు.

నాలుగు స్వరాలు దిగాయి. ఐదోది జారింది. మా బావ బొటనవేలు కుర్చీ చేతిని ఒక్కసారి నొక్కింది. అతనికి అర్థమైపోయింది.

తర్వాత పాట ముందుకెళ్ళింది. బెల్లు ఎన్నడూ వెళ్ళని చోటికి వెళ్ళింది. రెండుచోట్ల అపశ్రుతి పలికింది, ఒకచోట వేలు తప్పింది, కానీ వాడు ఆగలేదు. మొదలు నుంచి చివరిదాకా వాయించాడు. నేను చప్పట్లు కొడుతూ కళ్ళు తుడుచుకున్నాను. హాల్లో దుమ్మెక్కువని అందరితో చెప్పాను.

ఆ చప్పట్లలోనే బావ ఫోను మోగింది. అక్కయ్య. స్పీకరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమండీ... వాడు వాయించాడా?"

"వాయించాడు. ఆగలేదు."

"అయితే మీరింకా అక్కడే ఉన్నారా?" ఆవిడ గొంతు తగ్గింది. "మరి ఇప్పుడు బెల్లు కొట్టిందెవరు?"

"ఏ బెల్లు?"

"గోడ అవతల... పెద్దబావగారిది. తలుపు తీసి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. వాడి పాటలాగే ఉందండీ, కానీ చివర జారలేదు. చకచకా... చక్కగా..."

మా బావ నావైపు చూశాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను.

రెండు బ్యాటరీలూ ఉన్నాయి.

నేను నోరు తెరిచేలోపే అతను లేచి నిలబడ్డాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు —

"తలుపు వెయ్యకు. నేనొస్తున్నాను... తీసే ఉంచు."