తెరుచుకునే గ్రిల్

సంయుక్త మా షాపుకి మొదటిసారి వచ్చింది పోట్లాడడానికి.

2012 ఏప్రిల్ నెల. నారాయణగూడ సందులో మా గ్రిల్ వర్క్స్. కరెంటు పోయి వెల్డింగ్ ఆగిపోవడంతో నేను అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్నాను. ఒకమ్మాయి స్కూటీ ఆపి, ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పి, సెల్‌ఫోన్ తెచ్చి నా కళ్లముందు పెట్టింది.

"ఈ గ్రిల్ మీరే చేసిండ్రా?"

ఫోటోలో మొదటి అంతస్తు కిటికీ ఉంది. గ్రిల్ మధ్యలో నెమలి, చుట్టూ తీగలు. అలాంటి నెమలి హైదరాబాద్ మొత్తంలో మా నాన్న వీరరాఘవరావు గారొక్కరే వంచుతారు.

"మాదేనండి. ఏ పద్దెనిమిదేళ్ల కిందో చేసుంటాం. చూశారా, ఒక్క జాయింటు కదల్లేదు!" అన్నాను గొప్పగా.

"అదే నా బాధ. కదలాలె."

"అంటే?"

"తలుపు లెక్క తెరుచుకోవాలె. బిగించింది మీరే గద, మీరే వచ్చి కొయ్యుండ్రి."

కొయ్యడం అనే మాట చెవిన పడగానే లోపలున్న నాన్న బయటికొచ్చారు.

"ఏంటమ్మా కోసేది? మా గ్రిల్ దాటి పిల్లి కూడా లోపలికి రాదు."

"మనుషులు బయటికి కూడ రారు అంకుల్," అంది సంయుక్త.

నాన్నకు ఎదురు సమాధానం చెప్పిన మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూడడం. తర్వాత ఆమె ఇంకో ఫోటో చూపించింది. కాలిపోయిన గది. గోడలు నల్లబడ్డాయి, ఫ్యాను రెక్కలు వాడిపోయిన ఆకుల్లా వేలాడుతున్నాయి. కిటికీకి గ్రిల్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

"నేను ఇన్సూరెన్స్ ఆఫీసుల పనిచేస్త. అగ్ని ప్రమాదాల ఫైళ్లన్నీ నా టేబుల్ మీదికే వస్తయ్. ఇండ్లకిండ్లు కాలుతయ్, గ్రిల్ ఒక్కటే మిగుల్తది. ఈ ఇంట్ల ఆ రోజు ఎవ్వరు లేరు, బతికిండ్రు. మా ఇంట్ల మా నానమ్మ ఎప్పుడూ ఉంటది. మోకాళ్ల నొప్పులు, రెండేండ్లాయె మెట్లు దిగక. కింద జెరాక్స్ షాపుకు కిరాయికిచ్చినం. మెట్ల కింద కరెంటు మీటర్లు, వాటి పక్కనే కాగితాల కట్టలు. అవి అంటుకుంటే మెట్లు ఉండయ్. ఇగ మిగిలేది కిటికీలే."

నాన్న ఫోటోను చాలాసేపు చూశారు.

"ఫణీ, ఆదివారం వెళ్లి కొలతలు తీసుకురా," అన్నారు.

నాకైతే అప్పుడే వెళ్లాలనిపించింది.

* * *

ఆదివారం అశోక్‌నగర్ వెళ్లాను. వీధి నిండా పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లే. వాళ్లందరికీ నోట్సు తీసిచ్చే దాసయ్య జెరాక్స్ షాపు పైనే సంయుక్త వాళ్లిల్లు. కాగితాల కట్టల మధ్య ఒంటిని పక్కకు తిప్పుకుంటూ మెట్లెక్కాను.

వాళ్ల నాన్న విఠల్ గారు రిటైరైన లెక్కల మాస్టారు. నానమ్మ కమలవ్వ మంచం మీంచి నన్ను తేరిపార చూసి, "పిలగాడు మంచిగున్నడు," అని పైకే అనేసింది. సంయుక్త వినిపించనట్టు వెనక గదిలోకి నడిచింది.

ఆ గది కిటికీ చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. గట్టు జానెడెత్తే, అవతల అదే ఎత్తులో కింది పోర్షన్ స్లాబు ఉంది. దానికి ఒక చివర, నీళ్ల ట్యాంకు కడిగేవాళ్ల కోసం వేసిన ఇనప మెట్లు సందులోకి దిగుతున్నాయి.

"ఇంతకంటే ఏం కావాలండీ! ఈ ఒక్క కిటికీకి తలుపు పెడితే చాలు. అవ్వ కూడా అడుగు తీసి అవతల వేయొచ్చు," అన్నాను హుషారుగా.

విఠల్ గారి ముఖం మాడిపోయింది. నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"బాబు, గిట్ల తెరుచుకునే గ్రిల్ ఇంతకుముందు ఎంతమందికి చేసినవ్?"

"ఇదే మొదటిది సార్."

"చూసినవా. ఊర్ల ఎవ్వరికి రాని ఆలోచన మా పిల్లకే ఎందుకొచ్చింది? కిటికీకి తలుపు. తలుపు అవతల స్లాబు. స్లాబుకు మెట్లు. మెట్లు దిగితే సందు. సందు చివర ఎవడో బండి మీద రెడీగ ఉంటడు. అంతే గద?"

లెక్కల మాస్టారు కదా, ఒక్క స్టెప్పు కూడా వదల్లేదు.

"పోయిన నెల అడిక్‌మెట్‌ల మా దోస్తు బిడ్డ ఎవనితోనో పోయింది. ఆ పిల్ల గోడ దుంకింది. మా పిల్ల తెలివిగలది, ఏకంగ దర్వాజ పెట్టిస్తున్నది."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయన వెనక గది వైపు చెయ్యి చూపించారు. "దీని తల్లి చనిపోయిన ఏడాది పెట్టించిన ఈ గ్రిల్లు. పిల్లకు ఆరేండ్లు. నేను బడికి పోతే ఇంట్ల ముసలామె, పసిపిల్ల. భయమైతుండె. నువ్వు పో బాబు. పనేం లేదిక్కడ."

నా నవ్వు ఎటు పోయిందో పోయింది. టేపు జేబులో పెట్టుకుని దిగి వచ్చేశాను.

* * *

ఆమె ఊరుకునే రకం కాదు. మర్నాడే ఫోన్.

"కిటికీ సంగతి తర్వాత. ముందుగాల డాడీ కాదనలేనివి చేద్దాం. దాసయ్య అంకుల్ కాగితాలకు ఇనప ర్యాకు చేస్తరా? కట్టలన్ని షాపు వెనకాలకు మార్పిస్త."

చేశాను. మెట్లు ఖాళీ అయ్యాయి. మీటర్ల దగ్గర ఇసుక బకెట్ వచ్చింది. పగుళ్లిచ్చిన గ్యాస్ పైపు మారింది. స్టవ్ పక్కన వేలాడే నైలాన్ కర్టెన్ ఊడింది. ఫ్రిజ్ మీద ఫైరింజన్ నంబరు 101 పెద్ద అంకెలతో వెలిసింది. ఇంట్లోంచి పరుగెత్తాక అందరూ ఒకేచోట కలవాలని, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలియాలని, ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి దగ్గర కలుద్దామంది సంయుక్త.

"నిప్పుకు భయపడి ఉరికి, మళ్ల బొగ్గుల పెట్టె కాడికే పోవాల్నా?" అంది కమలవ్వ.

చెరుకురసం బండి దగ్గరికి మార్చాం.

వీటన్నిటికీ నేను వెళ్లాల్సిన అవసరం నిజంగా లేదు. అయినా ర్యాకుకి స్క్రూ మరిచిపోయానని ఒకసారి, రంగు వేయాలని ఇంకోసారి, రంగు ఆరిందో లేదో చూద్దామని మరోసారి వెళ్లాను.

"ఆ ర్యాకుకు ఇంకా ఎన్ని స్క్రూలు బాకీ ఉన్నయ్?" అని ఆమె కళ్లతో నవ్వుతూ అడిగినప్పుడు, అబద్ధమాడే ఓపిక కూడా లేక బిక్కమొహం వేశాను.

మే నెలాఖర్లో చిక్కడపల్లి బస్టాపు దగ్గర ఇద్దరం వానకి దొరికిపోయాం. అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చేసింది. ఒక మూసేసిన బట్టలకొట్టు రేకుల కింద నిలబడ్డాం. జల్లు కొడుతుంటే ఆమె ఒకడుగు ఇటు జరిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఫణీ, నువ్వేదో చెప్తవ్ గని, చెప్పకు."

"నేనేం చెప్తానో నీకు తెలుసా?"

"తెల్వకుండ ఉంటదా? నువ్వు చెప్తే నేను జవాబు చెప్పాలె. డాడీ అడిగితే ఆయనకు కూడ చెప్పాలె, డాడీతోని నేను అబద్ధం ఆడను. ఇగ ఆయన లెక్క కరెక్ట్ అయిపోతది. కిటికీ తెరుచుడు మాట దేవుడెరుగు, ఇంకో రెండు రాడ్లు ఎక్కువ కొట్టిస్తడు. అది కూడ నీతోనే!"

ఆమె మాటల్లోనే జవాబు ఉంది. అది అర్థమవడానికి నాకు కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక వానలో ఎగిరి గంతేయాలనిపించింది.

"అయితే ఎప్పుడు చెప్పాలి?"

"కిటికీ తెరుచుకున్నంక. అప్పటిదాక నోరు మూస్కో."

నోరు మూసుకోమంటే అంత సంతోషించిన వాడు ఈ ఊళ్లో ఇంకొకడు ఉండడు.

* * *

జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం సంయుక్త తండ్రి ముందు తడి తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"డాడీ, నువ్వు ప్రూఫ్ లేకుండ ఏదీ నమ్మవు గద. కండ్లకు ఇది కట్టుకో. ఇల్లంత పొగ. కండ్లు కనిపియ్యయ్. నానమ్మను తీస్కొని బయటికి రా."

"నా ఇంట్ల నాకు దారి తెల్వదా?" అని ఆయన నవ్వుతూనే కట్టుకున్నారు.

ఆ రోజు నాకిచ్చింది మంట వేషం. మెట్లకు అడ్డంగా కూర్చోవాలి. ఆయన కమలవ్వ చెయ్యి పట్టుకుని, గోడ తడుముకుంటూ మెట్ల దాకా వచ్చారు.

"ఇక్కడ మంట సార్," అన్నాను.

వెనక్కి తిరిగారు. హాలు కిటికీ తడిమారు, గ్రిల్. పడగ్గది కిటికీ, గ్రిల్. కాలు కుర్చీకి తగిలి తూలారు. నేనూ లేచి వెంట నడిచాను. చివరికి వెనక గదికి చేరి, నెమలి మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

ఊపిరాడనట్టు నటించమని కమలవ్వకు ఎవరూ చెప్పలేదు. అంత దూరం నడిచేసరికి ఆమెకు నిజంగానే ఆయాసం వచ్చింది.

"కొడుకా, బయటి గాలి తాకుతున్నది. ఎట్ల పోవాలె రా?"

విఠల్ గారు గ్రిల్ పట్టుకుని ఊపారు. మళ్లీ ఊపారు. ఈసారి రెండు చేతులతో, బలమంతా పెట్టి ఊపారు. పద్దెనిమిదేళ్ల కింద మా నాన్న వేసిన జాయింటు ఒక్కటీ కదల్లేదు. నాకు సిగ్గేసింది.

ఆయన తువ్వాలు తీసేశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కాపాడుకుందామని పెట్టిస్తి," అన్నారు ఎవరితోనో అన్నట్టు. తర్వాత నావైపు తిరిగి, "రేపే వచ్చి కొయ్యి," అన్నారు.

కొయ్యడానికి నాన్నే వచ్చారు. నెమలికి దెబ్బ తగలకుండా చుట్టూ కోసి, తలుపులా తిరిగేలా బందులు వేసి, లోపలి వైపు తాళం అమర్చారు. తాళంచెవి జేబులో వేసుకోబోతున్న విఠల్ గారిని సంయుక్త ఆపింది.

"నువ్వు బజారుకు పోతే జేబు కూడ పోతది డాడీ. ఇంట్లున్న ఎవ్వరికైన అందాలె. బయటోళ్లకు అందొద్దు."

విఠల్ గారు తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుని వెళ్లి, తనే మేకు తెచ్చి, బయటి నుంచి చెయ్యి పెట్టినా అందని గోడ మీద కొట్టి తగిలించారు.

"నిన్ను నమ్ముతున్న బిడ్డా," అన్నారు.

సంయుక్త తలొంచుకుంది. నేను కూడా.

* * *

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ పరీక్ష. నేను ముందే స్లాబు మీద నిలబడ్డాను. సంయుక్త సెల్‌ఫోన్‌లో టైం చూస్తోంది. కమలవ్వ తాళం తీసి, కుడికాలు బయట పెట్టి, నా చెయ్యి పట్టుకుని, ఎడమకాలు తెచ్చుకుంది.

"నలభై రెండు సెకన్లు!" అని సంయుక్త అరిచింది.

కమలవ్వ స్లాబు మీద నిటారుగా నిలబడి ఆకాశం చూసింది, వీధి చూసింది, ఆఖరికి నన్ను చూసింది. చెయ్యి వదల్లేదు.

"ఏమయ్యా, ఇన్ని దినాల నుంచి తిరుగుతున్నవ్. మా పిల్ల మీద మనసున్నదా నీకు?"

విఠల్ గారి చెయ్యి గ్రిల్ తలుపు మీద ఉంది. ఆయన వేళ్లు బిగుసుకోవడం చూశాను. వారం కూడా కాలేదు ఆ కిటికీ తెరుచుకుని. ఔనంటే మళ్లీ మూతపడుతుంది.

"అలాంటిదేం లేదండీ. పని మీదే వచ్చాను," అన్నాను. అంత కష్టమైన మాట నా జన్మలో అనలేదు.

"నిజమేనా?" అన్నారు విఠల్ గారు.

"నిజమే సార్."

"అబద్ధం డాడీ!" సంయుక్త గొంతు గదంతా మోగింది. "ఔనంటే నువ్వు కిటికీ మూయిస్తవని ఈయన భయం. కిటికీ కోసం నన్నే వద్దంటున్నడు! ఏం మనిషివయ్యా నువ్వు? నాకిష్టం డాడీ ఈయనంటే. దొంగతనంగ పోయేటంత ఇష్టం కాదు. నీకు చెప్పి, నిన్ను ఒప్పించుకునేటంత ఇష్టం."

విఠల్ గారు నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"పిల్ల దక్కకున్నా సరే, కిటికీ ఉండాలెనా నీకు?"

"తను ఎవర్ని చేసుకున్నా బతికుండాలి కద సార్. అవ్వ, మీరు కూడా."

ఆయన గ్రిల్ తలుపును ఒకసారి మూసి, మళ్లీ తెరిచారు.

"వెల్డింగ్ మిషన్ తెచ్చినవా?"

బందులు సరిచేయాల్సి వస్తుందేమోనని తెచ్చుకున్న మిషన్ ఇప్పుడు కిటికీ మూయడానికి! "కింద ఆటోలో ఉంది సార్."

"తీస్కరా."

"డాడీ!" అంది సంయుక్త ఏడుపు గొంతుతో.

"ఆగు బిడ్డా. అమ్మ దిగేటప్పుడు పట్టుకోనికి ఏం లేదు, ఈయన చెయ్యి పట్టుకున్నది. నిజంగ మంటలొచ్చిన నాడు ఈయన ఏడుంటడో. ఇక్కడ గోడకు ఒక రాడ్డు పెట్టాలె." తర్వాత నావైపు తిరిగారు. "అది పెట్టి మీ నాయినకు ఫోన్ చెయ్యి. ఈసారి గ్రిల్ పనికి కాదు. చుట్టం లెక్క రమ్మను, మాట్లాడుకోవాలె."

సంయుక్త రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మెట్ల వైపు వెళ్లాలో కిటికీ వైపు వెళ్లాలో తోచక అక్కడే నిలబడిపోయాను.

"అమ్మా, లోపలికి రా," అన్నారు విఠల్ గారు చెయ్యి చాపి.

"నేను రాను," అంది కమలవ్వ. "రెండేండ్లాయె బయటి గాలి పీల్చక. కుర్చీ ఇటియ్యి. పెండ్లి మాటలు ఈడనే మాట్లాడుదాం."

విఠల్ గారు తల్లిని చూసి, కూతురిని చూసి, లోపలికి వెళ్లారు. కాసేపటికి ఒక్కొక్క కుర్చీనీ కిటికీలోంచి అందిస్తుంటే, నేనూ, కిటికీ దాటి వచ్చిన సంయుక్తా స్లాబు మీద వరసగా వేస్తూ వెళ్లాం.