వంటింటి ఆకుగోడ

భర్త శశికిరణ్ మీద ప్రణవికి ఒకటే ఫిర్యాదు. పన్నెండేళ్లుగా ఎంజైమ్‌లతో కాపురం చేస్తూ, సెలవులకు మాత్రం ఇంటికి వస్తాడు. ఈ నెల ఎంజైమ్‌లనే ఇంటికి తెచ్చేశాడు కనుక ఆ మాట అనడానికీ వీల్లేకపోయింది.

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, వెన్నెలపాలెంలో, వాళ్ల వంటింటి గోడ ఇప్పుడు పచ్చగా ఉంది. దాని పేరు ఆకుగోడ. ఆకు చేసే పనే చేస్తుంది. రుబిస్కో అనే ఎంజైమ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఐదు కార్బన్ల అణువుకు తగిలిస్తుంది. అది రెండు ముక్కలవుతుంది. వెలుతురు ఇచ్చిన శక్తితో ఆ ముక్కలు చక్కెరగా మారతాయి. కార్బన్ డయాక్సైడ్ పలచబడితే మాత్రం రుబిస్కో ఆక్సిజన్‌ను పట్టుకుని శ్రమంతా వృథా చేసుకుంటుంది. తన రుబిస్కో అలా పొరబడదని శశికిరణ్ ధీమా.

ముప్పయ్యో రోజున ఒక్కరోజులో వంద గ్రాముల చక్కెర రాకపోతే గోడ పీకేస్తామంది కాలనీ సంఘం. ఇవాళ ఇరవై తొమ్మిదో రోజు. గోడ కింది గిన్నెలో ఇవాళ్టి చక్కెర నలభై గ్రాములే ఉంది.

"అమ్మా, చక్కెర నువ్వు గానీ తింటున్నావా?" అన్నాడు శశికిరణ్.

"వంటింటికి తాళం వేసి ఎనిమిది రోజులైంది, గోడకి కన్నం వేసి తింటానా?" అంది లాస్యమ్మ. "మా అమ్మమ్మ మడే నయంరా. తడిబట్టతోనైనా లోపలికి రానిచ్చేది."

"మీ ఊపిరి కలిస్తే లెక్కలు చెడిపోతాయి. ఫిల్టర్ గాలైతే శుభ్రంగా ఉంటుంది."

"ఆ శుభ్రమైన గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతని, మీ ఎంజైమ్ ఏం తింటుందండీ?" అంది ప్రణవి. "తాళం పడ్డ రోజు నుంచే చక్కెర తగ్గింది. మీరు రాసుకున్నదే, చూడండి."

"దానికి చిటికెడు చాలు. అది పొరబడదు."

మర్నాడు పొద్దున్నే అతను సంఘం వాళ్లను తీసుకురావడానికి వెళ్లగానే ప్రణవి తాళం తీసింది. అత్తగారితో పాటు ఇరుగుపొరుగు వాళ్లను తొమ్మిది మందిని కూర్చోబెట్టి తలుపు మూసింది. పక్క గుమ్మటం ఇంట్లో కొత్తగా దిగినవాళ్ల గురించి నాలుగు గంటలు మాట్లాడుకున్నారు. మధ్యలో ఆ కొత్తవాళ్లూ వచ్చి కూర్చున్నారు. అయినా విషయం మారలేదు.

మధ్యాహ్నానికి గిన్నెలో నూట పన్నెండు గ్రాములు.

సంఘం పెద్ద శశికిరణ్ భుజం తట్టాడు. "అయితే మీరన్నట్టు ఎంజైమ్ పొరబడలేదన్నమాట!"

శశికిరణ్ నోరు తెరిచాడు. వంటింటి నిండా కూర్చున్నవాళ్లు అతని వైపు తిరిగారు. అతను గోడ మీది కార్బన్ డయాక్సైడ్ మీటరు వైపు చూశాడు, తర్వాత ప్రణవి వైపు.

"పొరబడిందండీ, ఎనిమిది రోజులు. మనుషుల ఊపిరితో బతికే గోడ కట్టి, మనుషుల్నే బయటికి గెంటాను. తప్పు నాదే."