ఎవరి ఇల్లూ కాని చోట

చేవెళ్లలో ఆ ఉదయం మామూలుగానే మొదలైంది. సుగుణమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేసింది. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి, మెత్తగా పిసికి ముద్ద చేసి, జామచెట్టు కింద మూకుడులో పెట్టింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకముందే కుక్కకు ముద్ద పడాలి. ఆమె అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి.

ముద్ద ఎప్పుడూ ఒక్కటే. ఆ రోజు తినాల్సినవి రెండున్నాయి.

టైగర్ మూకుడు ముందు నిలబడి, తినకుండా, గుర్రుమంటూ ఉంది. ఎప్పుడో షాబాద్ రోడ్డు మీద లారీ తగిలి వెనక కాలు చచ్చుబడిన కుక్క అది. అలాంటిదానికి ఆ పేరేమిటని అప్పట్లో వీధంతా నవ్వింది. దాని చూపు ఇప్పుడు దొడ్లో కట్టెల మోపు వైపే ఉంది. ఆ కట్టెల సందులో, నిన్న సాయంత్రం కోడలు సమత ఆటోలో తీసుకొచ్చిన ఆడకుక్క పింకీ ముడుచుకుని పడుకుంది. గోధుమ రంగు ఒళ్లు, ఎవరి చెయ్యి లేచినా నేలకు అతుక్కుపోయే తల.

"నీ సుట్టం ఇంక లేవలే," అంది సుగుణమ్మ కోడలితో. "వెండి పళ్లెంల పెట్టాల్నా ఏంది?"

"నేను పెడతలే అత్తమ్మా," అంది సమత చాయ్ వడపోస్తూ.

"పెట్టు మరి. తెచ్చినోళ్లే పెట్టాలె. ఒకటి మొరుగుడు, ఒకటి ఏడుసుడు. రాత్రి నాకు కన్నంటుకుంటే ఒట్టు."

సమత చాయ్ గ్లాసుల్లో పోసింది. ఆ ఇంట్లో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకూడదని ఆమె నిన్ననే నిశ్చయించుకుంది.

సమత భర్త రంజిత్‌కు చేవెళ్లలో విత్తనాల దుకాణం ఉంది. ఈ ఇల్లు అమ్మి మొయినాబాద్‌లో కొత్తది కట్టాలన్న ఆలోచన అతనిది. కొనేవాళ్ల దగ్గర బయానా డబ్బు తీసుకున్న రోజు అన్నం తింటూ, "జర తొక్కు వెయ్యి. ఇల్లు అమ్మేసిన," అన్నాడు. రెండు మాటలకూ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. సమత పచ్చడి వేసింది. ఆ తర్వాత కొత్త ఇంట్లో గదులెన్నో, గడప ఎటువైపో, గృహప్రవేశానికి ఎవరెవరిని పిలవాలో అన్నీ ఆమె ఇతరుల నోటే విన్నది.

నిన్న మధ్యాహ్నం మొదటిసారి, పూర్తి కావస్తున్న ఆ కొత్త ఇంటి లోపలికి వెళ్లి వంటింట్లో నిలబడింది. పొయ్యి పెట్టే గట్టు ఆమె మోచేతుల కంటే ఎత్తులో ఉంది. అక్కడ రొట్టె చెయ్యాలంటే మునివేళ్ల మీద నిలబడాలి.

"ఇంత ఎత్తు ఎందుకు పెట్టిండ్రు?" అని మేస్త్రి ధనరాజ్‌ను అడిగింది.

"సార్‌ను నిలబెట్టి కొలిసినం మేడం," అన్నాడతను గర్వంగా. "సార్‌కు కరెక్ట్ సరిపోయింది."

ఏనాడూ తన చాయ్ తాను కాచుకోని మనిషి నడుము కొలిచి వంటింటి గట్టు కట్టారు. రంజిత్ పక్కనే నిలబడి టైల్స్ గురించి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. సమత బయటికి నడిచింది. రెండు గల్లీల అవతల, దిక్కులేని కుక్కలను సాకే కృపాజ్యోతి షెడ్డు ఉంది. టైగర్ కాలికి అప్పట్లో కట్టు కట్టింది ఆమే. పింకీని ఇద్దరు తీసుకెళ్లి, మళ్లీ ఇద్దరూ తెచ్చి వదిలేశారని కృపాజ్యోతి చెప్పింది. అంతే, ఇంకేమీ ఆలోచించకుండా, "నాకియ్యండి," అంది సమత.

"ఇస్త. కని నేరుగ ఇంట్లకు తోలకండి," అని కృపాజ్యోతి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "మీ టైగర్‌ది గద ఆ ఇల్లు. రెండిటినీ బయట కలపాలె. ఎవరి ఇల్లూ కాని చోట. జర సేపు పక్కపక్కన నడిపించి, అప్పుడు లోపటికి తీస్కపోవాలె."

సమత తలూపింది. ఆటో నేరుగా గేటు ముందు ఆగింది.

చాయ్ గ్లాసు తీసుకుని రంజిత్ వాకిట్లోకి వచ్చేసరికి, ఆకలికి ఆగలేక పింకీ కట్టెల సందులోంచి పాక్కుంటూ మూకుడు వైపు వస్తోంది. టైగర్ మూడు కాళ్ల మీదే దూకింది. మూకుడు దొర్లిపోయింది. అరుపులు, దుమ్ము, తెల్లటి ముగ్గు మీద పాలన్నం. సుగుణమ్మ చీపురు అడ్డం పెట్టి విడదీసేసరికి పింకీ చెవి చీలి నెత్తురు కారుతోంది.

"అయిపోయిందా తమాషా?" అన్నాడు రంజిత్. "ఇల్లు మారే ముంగట ఎవరన్న ఇంకో కుక్కను తెస్తరా?"

"ఇల్లు అమ్మే ముంగట ఎవరన్న పెండ్లాన్ని అడుగుతరా?"

"మళ్లీ అదే లొల్లి. ఎవరి కోసం కడుతున్న? దీక్షితకు దొంతన్‌పల్లి కాలేజీ దగ్గరైతదని గాదా?"

జడ అల్లుకుంటూ వచ్చిన కూతురు దీక్షిత గుమ్మంలోనే ఆగింది. "డాడీ, నా పేరు తియ్యకు. నేను హాస్టల్‌ల ఉంటనని ఎప్పుడో చెప్పిన."

"నువ్వు లోపటికి పో."

"పోతున్న. నన్ను గూడ అడగలేదని చెప్పి పోతున్న."

రంజిత్ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "సమతా, ఒక్కమాట చెప్పు. దీని మీద ప్రేమతోని తెచ్చినవా, నా మీద కోపంతోని తెచ్చినవా?"

అన్నిటికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్న సమత దగ్గర దానికి మాత్రం జవాబు లేదు. లేదని తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది.

"ఆదివారం లోపు వాపస్ ఇచ్చి రా," అన్నాడతను.

"దాన్ని వాపస్ ఇచ్చుడైతే, గృహప్రవేశం నాడు నేను పీటల మీద కూసోను."

భార్య పక్కన లేకుండా ఆ పీటల మీద ఒక్కడే కూర్చుంటే చేవెళ్ల నుంచి గండిపేట దాకా ఉన్న బంధువులంతా ఏమనుకుంటారో రంజిత్‌కు తెలుసు. అందుకే ఆమె ఆ మాట అన్నదనీ తెలుసు.

"విన్నవా అమ్మా నీ కోడలి మాట?"

"ఇన్న," అంది సుగుణమ్మ. ఒలికిన అన్నాన్ని చీపురుతో ఒక పక్కకు తోస్తూనే కోడలి వైపు తిరిగింది. "నిన్ను అడగలేదనే గద నీ లొల్లి?"

"అవును అత్తమ్మా."

"మరి నన్ను అడిగినవా?"

సమత అర్థంకానట్టు చూసింది.

"పొద్దుగాల లేసి ముద్ద పెట్టేది నేను. దొడ్డి ఊడ్సేది నేను. టైగర్‌గానికి దెబ్బల మీద పసుపు రాసేది నేను. నువ్వు ఆటోల దించినవ్, 'ఇదిగో పింకీ' అన్నవ్, లోపటికి పోయినవ్. అత్తమ్మా, ఇంకోదాన్ని తెస్తున్న, నీతోని అయితదా అని ఒక్కమాట అడిగినవా?"

"అదే గద నేను జెప్తున్న..." అన్నాడు రంజిత్.

"నువ్వు నోర్ముయ్. నువ్వు మస్తు అడిగినవ్ నన్ను. కాగితాలు తెచ్చి సంతకం పెట్టమన్నవ్, పెట్టిన. మీ బాపు కట్టిన ఇల్లు ఇది. అమ్మబుద్ధి అయితున్నదా అమ్మా అని అడిగినవా?" ఆమె గొంతు పెరగలేదు. "నీకు తెల్వదనుకుంట. ఇది సదువుకున్నది గద. అడగకపోతే ఎట్లుంటదో దీనికి తెల్సు. తెల్సి గూడ నాకు అదే జేసింది."

ఆమె చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది. రంజిత్ గ్లాసులో సగం చాయ్ వదిలేసి బండి తీశాడు.

సమత పసుపు తెచ్చి కట్టెల పక్కన నేల మీద కూర్చుంది. చెవికి అది రాస్తుంటే పింకీ కరవలేదు, కనీసం మూలగలేదు. కళ్లు మూసుకుని ఓర్చుకుంది. ఆ ఓర్పు చూస్తే సమతకు తన పెళ్లయిన కొత్తలోని రోజులు గుర్తుకొచ్చాయి. ఈ వాకిట్లోనే దిగింది. ఏ గిన్నె ఎక్కడ ఉంటుందో తెలియక, ఎవరిని అడగాలో తెలియక, తలుపు చాటున నిలబడిపోయింది. అప్పుడు ఈ సుగుణమ్మ కూడా గుర్రుమన్నదే. ఆ ఇల్లు ఆమెది మరి. ఆమెను మాత్రం కోడలు కావాలా అని ఎవరు అడిగారు?

కృపాజ్యోతి అంత గట్టిగా చెప్పినా ఆటోను నేరుగా గేటు ముందుకే పోనిచ్చింది తను. రంజిత్ ముఖం ఎలా మారుతుందో చూడాలన్న తొందర అది. ఆ తొందరకు చీలింది పింకీ చెవి. అతని ప్రశ్నకు జవాబు ఇప్పుడు దొరికింది. అది మింగుడు పడక సమత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం సుగుణమ్మ చింతపండు గింజలు తీస్తుంటే సమత ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అత్తమ్మా, పింకీ ఉండొచ్చా?"

సుగుణమ్మ తలెత్తలేదు. గింజ తీసింది, ఇంకో గింజ తీసింది.

"ఇప్పుడు అడుగుతున్నవా?"

"ఇప్పుడే. తప్పయింది. వద్దంటే నేనే తీస్కపోయి ఇచ్చొస్త. పీటల మాట దీనికి ముడిపెట్టను."

"నాకైతే ఇష్టం లేదు."

సమత లేవబోయింది.

"కూసో. ఇష్టం లేదన్న, వద్దన్ననా?" అంది సుగుణమ్మ. "అడిగినవ్ గద, ఉండనియ్. ఇప్పటికే ఇద్దరు ఎల్లగొట్టిండ్రట. మూడోదాన్ని నేనెందుకు గావాలె. కని ముద్ద నేను పెడత, దొడ్డి నువ్వు ఊడువు."

ఆదివారం అందరూ మొయినాబాద్ వెళ్లారు. కొత్త ఇంటి ముందున్న మట్టిరోడ్డు మీద సుగుణమ్మ టైగర్ తాడు పట్టుకుంది, సమత పింకీది పట్టుకుంది. మొదట రోడ్డుకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. కుంటుకుంటూ టైగర్ వాసన చూసింది, గుర్రుమన్నది, తల తిప్పుకుంది. ఆ మట్టిలో దానిదంటూ ఏమీ లేదు, కాపలా కాయాల్సిన మూకుడూ లేదు. ఎండ ఎక్కేసరికి రెండూ ఒకే గోడ నీడలో, మధ్యలో మూరెడు ఎడంతో పడుకున్నాయి.

లోపల వంటింట్లో రంజిత్, ధనరాజ్ నిలబడి ఉన్నారు. రెండు రోజులుగా రంజిత్ ఇంట్లో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు కూడా గోడ వైపు చూస్తూనే అన్నాడు.

"గట్టు పగలగొట్టమన్న. ఎంత ఎత్తు గావాల్నో చెప్పు."

సమత కిటికీలోంచి బయటికి చూసింది. "అత్తమ్మా, జర లోపటికి రండి."

సుగుణమ్మ వచ్చి గట్టు పక్కన నిలబడింది. ఆమె సమత కన్నా పొట్టి. గట్టు ఆమె ఛాతీ దాకా వచ్చింది. రంజిత్ తల్లిని చూశాడు, గట్టును చూశాడు, తల దించుకున్నాడు. ధనరాజ్ టేపు చేతిలో పట్టుకుని అయోమయంగా, "ఎవరి ఎత్తుకు పెట్టమంటరు సార్?" అన్నాడు.

"ఆయన్ని ఎందుకు అడుగుతవ్?" అంది సుగుణమ్మ. "వండేటోళ్లను అడుగు."

మేస్త్రి వంగి ఇద్దరు ఆడవాళ్ల మోచేతుల దగ్గరా టేపు పెట్టి కొలిచాడు. సమతకు ఎందుకో కళ్లు నిండాయి. కనబడకుండా ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ధనరాజ్ సుత్తి కోసం బయటికి వెళ్లాక రంజిత్ మెల్లగా అడిగాడు. "పీటల మీద కూసుంటవా?"

"అడుగుతున్నరా, చెప్తున్నరా?"

"అడుగుతున్న."

ఆమె జవాబు కోసం అతను ఎదురుచూస్తూ నిలబడ్డాడు. సమత తొందరపడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను అలా నిలబడటం ఆమె చూడలేదు.

"ముందు గట్టు దించనియ్యండి," అంది. "తర్వాత చెప్త."